30 పేజీల దగ్గర ఆగిన బాల్డ్విన్

1979లో అమెరికన్ నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ ఒక పుస్తకానికి పూనుకున్నారు. హత్యకు గురైన తన ముగ్గురు మిత్రులు మెడ్గర్ ఎవర్స్, మాల్కమ్ ఎక్స్, మార్టిన్ లూథర్ కింగ్‌ల జీవితాల మీదుగా తన దేశ చరిత్ర చెప్పాలన్నది సంకల్పం. ఆ ముగ్గురిలో ఎవరికీ 40 ఏళ్లు నిండలేదు. 1987 డిసెంబర్ 1న ఫ్రాన్స్‌లో బాల్డ్విన్ కన్నుమూసేనాటికి రాత 30 పేజీలు దాటలేదు. హైతీ దర్శకుడు రౌల్ పెక్ 2016లో తీసిన ‘ఐ యామ్ నాట్ యువర్ నీగ్రో’ డాక్యుమెంటరీకి ఆధారం ఆ పేజీలే. వ్యాఖ్యానమంతా బాల్డ్విన్ మాటలు. గొంతు శామ్యూల్ ఎల్. జాక్సన్‌ది.

బాల్డ్విన్ 1924లో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో పుట్టారు. తొమ్మిదిమంది సంతానంలో పెద్దవాడు. సవతి తండ్రి చర్చి బోధకుడు. ఇంట్లో కటిక పేదరికం. తెల్లజాతి ఉపాధ్యాయురాలొకరు ఆ బాలుణ్ణి పుస్తకాల వైపు, నాటకాల వైపు నడిపించారు. తెల్లవారందరినీ ద్వేషించలేకపోవడానికి ఆమే కారణమని ఆయన తర్వాత చెప్పుకున్నారు. అంతకు ముందే సినిమా ఆయనకు మరో పాఠం నేర్పింది. తెరమీద తెల్ల కథానాయకుడు ఆదివాసులను కాల్చి చంపుతుంటే ఆ పసివాడూ అతడి పక్షమే వహించాడు. నేలకూలుతున్నవారి వరుసలోనే తానూ ఉన్నానని ఆరేడేళ్ల వయసులో తెలిసి అదిరిపడ్డాడు. పీడితుడి మనసులోకి పీడకుడు ఎలా ప్రవేశిస్తాడో చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన దృష్టాంతం నాకు తారసపడలేదు.

1948లో 40 డాలర్లతో పారిస్ చేరిన బాల్డ్విన్ 1957లో తిరిగి వచ్చి దక్షిణాది రాష్ట్రాలలో పర్యటించారు. ఆ రాకకు ప్రేరణగా చిత్రం ఒక ఫోటోను చూపుతుంది: తెల్ల గుంపు ఎగతాళి మధ్య బడికి వెళుతున్న 15 ఏళ్ల డొరొతీ కౌంట్స్. తేదీలు మాత్రం పొసగవు. ఆ ఫోటో 1957 సెప్టెంబర్ నాటిది; అప్పటికే ఆయన పారిస్ విడిచారు. ఆయన జ్ఞాపకమే వరుస మార్చింది. ఆ అమ్మాయి పక్కన తాను లేనన్న సిగ్గు మాత్రం అబద్ధం కాదు.

‘నీగ్రో సమస్య’ అన్న పేరునే బాల్డ్విన్ అంగీకరించలేదు. ఆ మనిషిని కల్పించుకున్నది తెల్ల అమెరికా. ఆ కల్పన తనకెందుకు అవసరమైందో అదే చెప్పుకోవాలి. 1965లో కేంబ్రిడ్జి విద్యార్థుల చర్చలో ఆయన పక్షం 544-164 ఓట్లతో నెగ్గింది. ఆ మూడు రోజులకే మాల్కమ్ ఎక్స్‌ను చంపేశారు.

పెక్ చిత్రంలో నాకొక లోటు కనిపిస్తుంది. 1956లోనే ‘జియోవానీస్ రూమ్’ రాసిన స్వలింగ ప్రేమికుడు బాల్డ్విన్. ఆ సంగతి ఇందులో ఎఫ్‌బీఐ నివేదిక ద్వారానే వినిపిస్తుంది. నిఘాను ఎండగట్టిన చిత్రం ఇక్కడ మాత్రం పోలీసు కాగితంతోనే సరిపెట్టుకుంది.

పుస్తకం ఎందుకు ఆగిందో ఆ పేజీలే కొంత చెబుతాయి. అది రాయాలంటే ఆ ముగ్గురి భార్యలను, పిల్లలను మళ్లీ కలవాలి. 1963లో ఎవర్స్‌ను ఆయన ఇంటి ముందే కాల్చి చంపినవాడికి శిక్ష పడింది 1994లో. అప్పటికి బాల్డ్విన్ పోయి ఆరేళ్లు దాటింది.