మూడు గుడ్లు తెచ్చిన డాక్టరు

మన మెస్సులో గుడ్డు పెట్టే రోజు లైను ఎంత పొడుగ్గా ఉంటుందో మనందరికీ తెలుసు. కానీ గుడ్ల కోసం అయిదు వారాలు చీకట్లో, మంచులో నడిచిన మనిషి గురించి విన్నారా? తినడానికి కాదు. పక్షులు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకోవడానికి. ఆయన పేరు డాక్టర్ ఎడ్వర్డ్ విల్సన్.

విల్సన్ 1872 జూలై 23న ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి డాక్టరు. చిన్నప్పట్నుంచీ పొలాల వెంట తిరుగుతూ పిట్టల్ని చూడటం, వాటి బొమ్మలు వేయడం విల్సన్‌కు ఇష్టం. పెద్దయ్యాక కేంబ్రిడ్జిలో ప్రకృతి శాస్త్రాలు, లండన్‌లో వైద్యం చదివాడు. చదువుకుంటూనే లండన్‌లో బీదవాళ్ళుండే బ్యాటర్సీ పేటలో సేవ చేసేవాడు. 1898లో ఆయనకు క్షయ సోకింది. ఆ రోజుల్లో టి.బి.కి మందే లేదు. నార్వే, స్విట్జర్లాండ్ దేశాల్లో విశ్రాంతి తీసుకుని మెల్లగా కోలుకున్నాడు. 1900లో డాక్టరయ్యాడు.

1901లో కెప్టెన్ స్కాట్ డిస్కవరీ అనే ఓడలో అంటార్కిటికాకు బయల్దేరాడు. అది దక్షిణ ధ్రువం చుట్టూ ఉన్న మంచు ఖండం. విల్సన్ డాక్టరుగా, జంతుశాస్త్రజ్ఞుడుగా, చిత్రకారుడుగా ఆ ఓడ ఎక్కాడు. అప్పటికి పెళ్ళయి మూడు వారాలే అయింది! చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా బయట నిలబడి పెన్సిలుతో బొమ్మ గీసుకుని, లోపలికొచ్చి రంగులు వేసేవాడు. తోటివాళ్ళు ఆయన్ని ప్రేమగా అంకుల్ బిల్ అని పిలిచేవారు.

1902లో ఆ బృందంవాళ్ళు కేప్ క్రోజియర్ అనే చోట ఎంపరర్ పెంగ్విన్‌లు గుంపుగా పిల్లల్ని పెంచుతుండటం చూశారు. పెంగ్విన్‌లలో అన్నిటికంటే పెద్దవి ఇవే. వాటికి గూడు ఉండదు. మగపక్షి గుడ్డును పాదాల మీద పెట్టుకుని, పొట్ట చర్మం కప్పి, రెండు నెలలకు పైగా తిండి లేకుండా పొదుగుతుంది. వసంతం వచ్చేసరికే పిల్లలు బయటికి వచ్చేసి ఉన్నాయంటే గుడ్లు నడి చలికాలంలో పెడుతున్నాయని విల్సన్ లెక్క కట్టాడు.

ఆ గుడ్లు ఆయనకెందుకు? ఆ కాలంలో చాలామంది శాస్త్రజ్ఞులు ఒక సంగతి నమ్మేవాళ్ళు. గుడ్డులో పెరిగే పిండం తన పూర్వీకుల రూపాలన్నీ వరసగా దాటుకుంటూ వస్తుందని. పక్షులు సరీసృపాల నుంచి పుట్టాయి. పెంగ్విన్ చాలా పాతకాలపు పక్షి అని విల్సన్ అనుకున్నాడు. కాబట్టి దాని పిండంలో పళ్ళ ఆనవాళ్ళు దొరుకుతాయేమో, పొలుసు ఈకగా ఎట్లా మారిందో తెలుస్తుందేమో అని ఆశపడ్డాడు.

1910లో స్కాట్‌తో కలిసి మళ్ళీ వెళ్ళాడు. ఈసారి ఓడ పేరు టెర్రా నోవా. 1911 జూన్ 27న విల్సన్, బవర్స్, చెర్రీ గారర్డ్ అనే ముగ్గురు కేప్ క్రోజియర్‌కు బయల్దేరారు. దూరం సుమారు 100 కిలోమీటర్లు. అక్కడ జూన్, జూలైలు నడి చలికాలం. సూర్యుడు ఉదయించడు. సుమారు 340 కిలోల సామాను జారుడుబండ్ల మీద వేసుకుని తామే లాక్కుంటూ పోయారు. ఒక రాత్రి చలి సున్నాకు 60 డిగ్రీల కిందికి దిగిపోయింది. చెమట బట్టల్లోనే గడ్డకట్టి రేకులాగా అయిపోయేది. చెర్రీ పళ్ళు వణుకుకు పగిలిపోయాయి.

19 రోజులకు చేరుకున్నారు. అయిదు గుడ్లు దొరికాయి. చెర్రీకి చూపు తక్కువ, ఆ చలిలో కళ్ళద్దాలు పెట్టుకోలేడు. పడిపోయి రెండు గుడ్లు పగిలాయి. తర్వాత తుఫాను వచ్చి గుడారాన్ని ఎగరేసుకుపోయింది. వాళ్ళు కట్టుకున్న రాతి గుడిసె పైకప్పూ పోయింది. గుడారం లేకపోతే తిరిగి రావడం కల్ల. అదృష్టం కొద్దీ తుఫాను తగ్గాక ఆ గుడారం కొండ దిగువన దొరికింది! మూడు గుడ్లతో ఆగస్టు 1న ప్రాణాలతో తిరిగొచ్చారు.

కొన్ని నెలలకు విల్సన్ స్కాట్‌తో దక్షిణ ధ్రువానికి నడిచాడు. 1912 జనవరి 17న చేరేసరికి నార్వే దేశస్థుడు అముండ్‌సెన్ అప్పటికే వచ్చి వెళ్ళిపోయాడు. తిరుగుదారిలో అయిదుగురిలో ఇద్దరు చనిపోయారు. మిగిలిన స్కాట్, విల్సన్, బవర్స్ మార్చి నెలాఖరున గుడారంలోనే కన్నుమూశారు. తిండి దాచిన చోటు ఇంక సుమారు 20 కిలోమీటర్లే ఉంది. అప్పటికి విల్సన్ వయసు 39 ఏళ్ళు.

వాళ్ళ బండిలో దాదాపు 16 కిలోల రాళ్ళు దొరికాయి. దారిలో ఏరిన రాళ్ళవి. చచ్చేటంత అలసటలో కూడా వాటిని పారేయలేదు. వాటిలో గ్లోసోప్టెరిస్ అనే చెట్టు ఆకుల అచ్చులున్నాయి. అదే చెట్టు ఆకుల అచ్చులు మన గోదావరి లోయ బొగ్గు పొరల్లోనూ ఉన్నాయి. అంటే ఒకప్పుడు అంటార్కిటికా, మన నేల కలిసి ఉండేవి! ఆ పాత మహాఖండాన్ని గోండ్వానా అంటారు. మన గోండుల నేల పేరే దానికి పెట్టారు.

మరి గుడ్ల సంగతి? 1913లో చెర్రీ వాటిని లండన్ మ్యూజియంలో ఇవ్వబోతే అక్కడ పెద్దగా పట్టించుకోలేదు. పిండాల మీద చివరి నివేదిక 1934లో గానీ రాలేదు. అప్పటికి ఆ పాత నమ్మకమే వీగిపోయింది. ఆ పిండాల వల్ల కొత్తగా తెలిసింది తక్కువే అని అందులో తేల్చారు.

అయితే ఆయన కష్టం వృథాయేనా? తొందరపడకండి.

ప్రతి జీవి కణాల్లో డి.ఎన్.ఎ. అనే దారం ఉంటుంది. దాని మీద నాలుగే నాలుగు అక్షరాలతో రాసిన రాత ఉంటుంది. ఆ మొత్తం రాతను జీనోమ్ అంటారు. పెంగ్విన్‌కు సుమారు 120 కోట్ల అక్షరాలు. వాటిని వరసగా చదవడమే జీనోమ్ సీక్వెన్సింగ్. దీనికి ఒక్క రక్తం చుక్క చాలు. మనం ఒకరి నోట్సు చూసి ఒకరం రాసుకుంటాం గదా! ఒకడు తప్పు రాస్తే వాడిది చూసి రాసినవాడికీ అదే తప్పు వస్తుంది. ఆ తప్పుల్ని బట్టి ఎవరు ఎవరిది చూసి రాశారో సారు ఇట్టే చెప్పేస్తారు. జీనోమ్‌లో మారిన అక్షరాలను బట్టి చుట్టరికం కనిపెట్టడం కూడా అంతే.

2014లో ఎంపరర్, అడేలీ పెంగ్విన్‌ల జీనోమ్‌లు చదివిన ఫలితాలు అచ్చయ్యాయి. చర్మం, కొవ్వు, చూపు, రెక్కలకు చెందిన జన్యువుల్లో మార్పులు కనిపించాయి. 2019 నాటికి బతికి ఉన్న అన్ని పెంగ్విన్ జాతుల జీనోమ్‌లూ సిద్ధమయ్యాయి. పెంగ్విన్‌కు దగ్గరి చుట్టాలు ఆల్బట్రాస్, పెట్రెల్ అనే సముద్రపు పక్షులని తేలింది. అవి బాగా ఎగురుతాయి. అంటే పెంగ్విన్ మొట్టమొదటి పక్షి కాదు, ఎగరడం మానుకుని ఈత నేర్చిన పక్షి. ఇక్కడ విల్సన్ అంచనా తప్పు. కానీ 2020లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, ఇప్పుడున్న పెంగ్విన్‌లలో ముందుగా విడిపోయిన కొమ్మ ఎంపరర్, కింగ్ పెంగ్విన్‌లదే. ఆ మాటకొస్తే విల్సన్ సరైన ఇంటి తలుపే తట్టాడు! గోండ్వానా ముక్కలు విడిపోయి, అంటార్కిటికా చుట్టూ సముద్ర ప్రవాహం బలపడ్డాక పెంగ్విన్‌లు చాలా జాతులుగా చీలాయని కూడా ఆ పరిశోధన చెప్పింది. అట్లా విల్సన్ మోసిన రాళ్ళూ, తెచ్చిన గుడ్లూ ఒకే కథలో కలిశాయి.

మిత్రులారా! ఆయన నమ్మిన జవాబు తప్పయింది గానీ, అడిగిన ప్రశ్న తప్పు కాలేదు. జవాబుకు వందేళ్ళు పట్టింది, అంతే. క్లాసులో మన జవాబు తప్పవుతుందేమో అని చెయ్యి ఎత్తడానికి భయపడతాం. ఈసారి భయం వేస్తే ఆ మూడు గుడ్లను గుర్తు చేసుకుందాం.