తెలుగు నేలపై ప్రశ్నలకు బదులు చెప్పిన పరదేశి
కెర్దూగారి జీవిత చరిత్రము

మా పాఠశాల పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు. చింతామణి సంతలో కన్నడము విందురు. మురుగమల్ల దర్గా వీధిలో ఉర్దూ విందురు. ఒకే వస్తువునకు మూడు పేర్లు వారి నోట పలుకుట కద్దు. ఇన్ని భాషల నడుమ పిల్లలు ఏ యొక్కటియు చక్కగా నేర్వలేరేమో యని కొందరు తల్లిదండ్రులు చింతింతురు. ఇట్టి చింత గలవారును, వారి బిడ్డలును తెలిసికొనదగిన జీవితము ఒకటి కలదు. 18వ శతాబ్దమున ఫ్రాన్సు దేశమునుండి వచ్చి, తెలుగు నేర్చి, తెలుగువారి ప్రశ్నలకు తన మతమునుండియు, తన దేశమువారి ప్రశ్నలకు తెలుగువారినుండియు సమాధానము సంపాదించిన గాస్తోన్ లోరాన్ కెర్దూగారి జీవితమది.

కెర్దూగారు 1691వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమునందలి బూర్జ్ అను పట్టణమున జన్మించిరి. యౌవనమున కతోలిక క్రైస్తవులలో జెస్యూట్లు అను సన్న్యాసుల సంఘమున చేరిరి. ఆ సంఘమువారికి విద్యయన్నను, బోధన యన్నను ప్రీతి. దూరదేశములకు పోయి అచ్చటి భాషలు నేర్చి మతబోధ చేయుట వారి నియమము. కెర్దూగారు 1732వ సంవత్సరమున మన దేశమునకు వచ్చిరి. అప్పటికి వారి వయస్సు నలువది యేండ్లు దాటినది. ఆ వయస్సున ఓనమాలు మొదలుకొని క్రొత్త భాష నేర్చుటకు ఆయన వెనుదీయలేదు.

18వ శతాబ్దపు ఆరంభముననే ఫ్రెంచి జెస్యూట్లు పుదుచ్చేరినుండి బయలుదేరి తెలుగు సీమలో ప్రవేశించిరి. మనకు తూర్పుననున్న పుంగనూరు వారి మొదటి స్థావరములలో ఒకటి. కృష్ణాపురము, వెంకటగిరి, మన చిన్నబళ్ళాపురము వారు ఫ్రాన్సునకు వ్రాసిన ఉత్తరములలో కనవచ్చును. వారు ఈ దేశపు సన్న్యాసులవలె వస్త్రములు ధరించి, మాంసము విడిచి, ఇచ్చటి పెద్దల మర్యాదల ననుసరించి జీవించిరి. కెర్దూగారు ఈ సంఘముననే చేరి, కొంతకాలము తెలుగు ప్రజల నడుమ నివసించిరి.

ఊరివారు ఒక క్రొత్త గురువును ఏమి అడుగుదురు? దేవుడొక్కడా, పలువురా అని అడుగువారు కొందరు. కాని పెక్కుమంది ప్రశ్నలు ఇంటివి, వాకిటివి. జ్ఞానస్నానము పొందిన పిమ్మట పూర్వపు పేరు మానవలెనా? పెండ్లిలో తాళి కట్టవచ్చునా? కొబ్బరికాయ కొట్టవచ్చునా? నుదుట విభూతి పెట్టుకొనవచ్చునా? చిన్నబిడ్డకు పెండ్లి చేయవచ్చునా? మేళగాండ్రు తమ వృత్తి చొప్పున పూర్వపు గుళ్ళలో వాయించవచ్చునా? స్త్రీలు నెలలో ఆ కొన్నిదినములు దివ్యపూజకు రావచ్చునా? ఇట్టివాటికి వెంటనే బదులు చెప్పవలెను. సందేహము తీరనిదే పెండ్లి నిలిచిపోవును. బిడ్డకు పేరు పెట్టుట ఆగిపోవును.

కతోలికులలో మతవిషయములను ప్రశ్నలుగను, జవాబులుగను నేర్పు పద్ధతి పూర్వమునుండి కలదు. పిల్లలకైనను, క్రొత్తగా చేరినవారికైనను గురువు ప్రశ్న వేయును; వారు నేర్చిన జవాబు చెప్పుదురు. దేవుడెవరు, పాపమన నేమి, పాపసంకీర్తనము ఎట్లు చేయవలెను అను విషయములు ఇందు వరుసగా వచ్చును. కాని ఐరోపాలో కూర్చిన ప్రశ్నోత్తరములలో తాళి ప్రసక్తి గాని, విభూతి ప్రసక్తి గాని యుండదు. ఈ నేలలో పుట్టిన ప్రశ్నకు ఈ నేలను ఎరిగినవాడే బదులు వెదకవలెను.

ఇచ్చటనే గొప్ప వివాదము బయలుదేరెను. తాళి, కుంకుమ, పసుపు మొదలగునవి దేశాచారములా, లేక అన్యమతారాధనలో భాగములా? దేశాచారములైనచో క్రైస్తవులు ఉంచుకొనవచ్చును. ఆరాధన యైనచో విడువవలెను. జెస్యూట్లు పెక్కింటిని దేశాచారములే యనిరి. ఇతర సంఘములవారు అట్లు కాదనిరి. రోమునుండి వచ్చిన ప్రతినిధి తూర్నోన్‌గారు 1704వ సంవత్సరమున పుదుచ్చేరిలో ఒక ఆజ్ఞాపత్రము వెలువరించిరి. విఘ్నేశ్వరుని రూపము గల తాళి కూడదనియు, సిలువ గాని మరియమ్మ రూపము గాని గల తాళి కట్టవచ్చుననియు అందున్నది. పెండ్లిలో కొబ్బరికాయ కొట్టుట, నుదుట విభూతి ధరించుట, మేళగాండ్రు ఇతర దేవాలయములలో వాయించుట నిషేధింపబడినవి. యుక్తవయస్సు రాకమున్నే పిల్లలకు వివాహము చేయరాదనియు, నెలసరి కారణముగా స్త్రీలను పాపసంకీర్తనమునకు దూరము చేయరాదనియు కూడ ఆ పత్రము శాసించెను. ఈ చివరి రెండు మాటలు నేటి పాఠకులకు సమ్మతములుగనే తోచును.

అన్నిటికంటె కఠినమైన ప్రశ్న మరియొకటి కలదు. అంటరానివారని లోకము దూరముంచిన వారి యింట ఒకరు మరణశయ్యపై నున్నప్పుడు గురువు ఆ యింటి గడప దాటి లోపలికి పోవలెనా? పోయినచో పై కులములవారు గురువును విడిచిపోదురు. పోనిచో, దేవుని యెదుట అందరును సమానులని తాను చెప్పిన మాట ఏమగును? గురువులు రోగిని ఇంటినుండి వెలుపలికి తెప్పించి సంస్కారములు ఇచ్చుచుండిరి. తూర్నోన్‌గారు ఇది తప్పనియు, గురువే లోపలికి పోవలెననియు ఆజ్ఞాపించిరి. వివాదము నలువది యేండ్లు సాగి, తుదకు 1744వ సంవత్సరమున పదునాల్గవ బెనెడిక్టు పోపుగారు తీర్పు నిచ్చిరి. తూర్నోన్‌గారి శాసనములు చాలవరకు స్థిరపడినవి. అంటరానివారని తలపబడిన జనులకొరకు ప్రత్యేకముగా కొందరు గురువులను నియమింతుమని జెస్యూట్లు కోరగా, పోపుగారు అందుకు సమ్మతించిరి. గురువు గడప దాటెను. కాని గురువులే రెండు తెగలైరి. సమానత్వమును బోధింపవచ్చినవారు సైతము కులమును పూర్తిగా ఎదిరింపజాలకపోయిరని మేము దాచక చెప్పుచున్నాము.

ఆ 1744వ సంవత్సరముననే కెర్దూగారు కర్ణాటక మిషను అనబడు ఈ సంఘమునకు అధ్యక్షులైరి. 1751 వరకు ఆ భారము వహించిరి. తీర్పు వెలువడిన వెంటనే దానిని ఊరూర అమలు జరిపించు కాలము ఆయనకు ప్రాప్తించినది. ఈ నియమములు పాటింతునని ప్రతి గురువును ప్రమాణము చేయవలసియుండెను. ఆ ప్రమాణమును రోము 1940వ సంవత్సరమున గాని తొలగింపలేదు. నేడు కతోలికుల వివాహములలో తాళియు, పూజలో హారతియు కనబడుట ఆశ్చర్యము గొలుపదు. ఒక కాలమున అవి ఎంతటి తర్కమునకు కారణమైనవో తెలిసికొన్నచో, ఆచారము వేరు, విశ్వాసము వేరని చెప్పుట ఎంత కష్టమో పిల్లలకు బోధపడును.

ఊరివారు కెర్దూగారిని అడిగినట్లే, ఫ్రాన్సు దేశపు పండితులును ఆయనను అడుగుచుండిరి. ఆ కాలమున మన అద్దకపు వస్త్రములకు ఐరోపాలో అమితమైన గిరాకి. తమ దేశపు నేతగాండ్రు చెడిపోవుదురని ఫ్రెంచి ప్రభుత్వము 1686వ సంవత్సరమున వాటిని నిషేధించెను. ఆ నిషేధము 1759 వరకు నిలిచినది. ఉతికినను పోని ఆ రంగుల రహస్యమేమి? కెర్దూగారు తాము జ్ఞానోపదేశము చేసిన అద్దకపువారినే అడిగి తెలిసికొని, 1742వ సంవత్సరమున దు ఆల్ద్ అను గురువునకు దీర్ఘమైన ఉత్తరము వ్రాసిరి. బట్టను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానవేయుట, పటికనీటితో బొమ్మ వ్రాసి చిరివేరు కషాయమున కాచి ఎఱుపు తేల్చుట, నీలి పట్టకూడని చోట మైనము పూయుట అందు వివరముగ నున్నవి. నేటికిని కాళహస్తి కలంకారీ పనివారు కరక్కాయను, పాలను, పటికను వాడుదురు. ఈ యుత్తరము మన పనివారి నేర్పునకు సాక్ష్యము. అయినను వారి జీవనాధారమైన రహస్యము సముద్రము దాటిపోయినదను మాటయు నిజమే. నమ్మి చెప్పిన దానిని ఎంతవరకు ఇతరులకు చెప్పవచ్చునను నీతిప్రశ్న ఇందులో కలదు. పిల్లలు దీనిని తమలో తర్కించుకొందురుగాక.

కెర్దూగారు తెలుగు, సంస్కృత, ఫ్రెంచి పదములతో ఒక నిఘంటువును కూర్చిరి. అది అచ్చుపడక వ్రాతప్రతిగనే మిగిలినది. మన సీమలో సంస్కృత గ్రంథములను తెలుగు లిపిలో వ్రాసికొనెడివారు. కెర్దూగారికంటె ముందు వచ్చిన కల్మెత్ అను జెస్యూటు గురువు సంపాదించి పారిస్ నగరపు రాజగ్రంథాలయమునకు పంపిన వేదప్రతులు సైతము తెలుగు లిపిలోనివే. ఫ్రెంచి జెస్యూట్లకు సంస్కృతమునకు త్రోవ చూపినది తెలుగు సీమయే.

1760 ప్రాంతములలో పారిస్ పండిత పరిషత్తునకు చెందిన బార్తెలెమీగారు సంస్కృతమును గూర్చి కెర్దూగారిని ప్రశ్నించిరి. అప్పటికి ఆయన డెబ్బది యేండ్ల వృద్ధులు, పుదుచ్చేరిలో నివసించుచుండిరి. 1767వ సంవత్సరమున వ్రాసిన సమాధానములో ఆయన తిరిగి ఒక ప్రశ్న వేసిరి: సంస్కృతమునందు లాటిను, గ్రీకు భాషల మాటలవంటి మాటలు ఇన్ని ఎందులకున్నవి? సంస్కృతమున దేవః అనునది లాటినున దేఉస్; జాను అనునది గేను; విధవా అనునది విదువా; అస్తి అనునది ఎస్త్. వర్తకమువలన వచ్చినవా? ఇరుగుపొరుగువలన వచ్చినవా? మతమువలననా, పరిపాలనవలననా? కెర్దూగారు ఒక్కొక్క కారణమును తీసికొని పరీక్షించి త్రోసివేసిరి. ఎరువు తెచ్చుకొన్న మాటలైనచో వస్తువుల పేర్లుండును గాని, అంకెలు, క్రియారూపములు ఇంతగా పోలియుండవు. కావున ఈ భాషలకు మూలము ఒక్కటేయని నిర్ణయించిరి. ఆ మూలమును బైబిలునందలి బాబెలు గోపుర వృత్తాంతముతో జోడించిరి. ఆ భాగమును నేటి భాషాశాస్త్రము అంగీకరింపదు. మూలము ఒక్కటే యను మాటను మాత్రము నిశ్చయముగ అంగీకరించును.

ఈ విషయముననే విలియం జోన్సుగారు 1786వ సంవత్సరమున కలకత్తాలో ఉపన్యసించి లోకప్రఖ్యాతి పొందిరి. కెర్దూగారి ఉత్తరము పరిషత్తులో చేరియుండియు 1808 వరకు అచ్చుకు నోచుకొనలేదు. పిమ్మట 1816వ సంవత్సరమున ఎల్లిసు అను దొర తెలుగు, తమిళము, కన్నడము ఒక కుటుంబమునకు చెందినవని వేరుగ నిరూపించెను. మన పిల్లలు మూడు, నాలుగు, ఏడు అని తెలుగులో లెక్కించి, మూరు, నాల్కు, ఏళు అని కన్నడములో లెక్కించునపుడు ఆ చుట్టరికము వారి చెవికే తెలియును. రెండు భాషలు వచ్చినవారికి గాని ఇట్టి పోలిక కానరాదు. పలు భాషల నడుమ పెరుగుట లోపమని చింతించు తల్లిదండ్రులకు మేము ఈ మాటనే మనవి చేయుచున్నాము.

కెర్దూగారి తుదిదినములు సుఖముగ గడువలేదు. 1761వ సంవత్సరమున ఆంగ్లేయులు పుదుచ్చేరిని పట్టుకొని నేలమట్టము చేసిరి. 1773వ సంవత్సరమున పోపుగారు జెస్యూటు సంఘమునే రద్దుచేసిరి. యౌవనమునుండి తనకు ఇల్లును, తల్లియు నైన సంఘము ఎనుబది యేండ్లు దాటిన వయస్సున లేకుండపోయెను. 1779వ సంవత్సరమున పుదుచ్చేరియందే ఆయన దేహము చాలించిరి. మన దేశమునకు వచ్చిన పిమ్మట నలువది యేడేండ్లు గడచినవి.

మరణానంతరమును ఆయన శ్రమ చాలకాలము మరుగుపడియే యుండెను. మైసూరు రాజ్యమున బహుకాలమున్న దుబ్వా అను కతోలిక గురువు పేర, హిందువుల ఆచార వ్యవహారములను వర్ణించు గ్రంథమొకటి 1816వ సంవత్సరమున ఆంగ్లమున వెలువడెను. ఆ గ్రంథమునకు ఆధారము కెర్దూగారి వ్రాతప్రతియేయని ఫ్రెంచి విదుషి సిల్వియా ముర్‌గారు 1987వ సంవత్సరమున సాక్ష్యములతో నిరూపించిరి. నూటడెబ్బది యేండ్లకు పైగా ఒకరి పంటను మరియొకరి పేర లోకము అనుభవించినది.

విద్యార్థులారా! కెర్దూగారి మతము మనలో కొందరిది, పెక్కుమందిది కాదు. ఆయన అభిప్రాయములలో మనము అంగీకరింపరానివియు కలవు. అయినను ఒక్క గుణమును ఆయనవద్ద నేర్వవలెను. బదులు చెప్పుటకు ముందు అడిగినవాని భాషను ఆయన నేర్చిరి; తనకు తెలియని దానిని ఆ పనిలో ఆరితేరినవారినే అడిగి తెలిసికొనిరి; ఒక పోలిక కనబడినపుడు తొందరపడక కారణములను ఒక్కొక్కటిగ తూచిరి. మీ యింట తాతను, అవ్వను అడుగుడు. సంతలో కన్నడమువారిని అడుగుడు. తరగతిలో మమ్ము అడుగుడు. వేరు మతమువాడు, వేరు భాషవాడు మిమ్ము ఒకటి అడిగినపుడు, అతనికి తెలియు మాటలలో, మీకు తెలిసినంతవరకే బదులు చెప్పుడు.