బస్టర్ కీటను: చిత్రము చెప్పని చరిత్రము
మూకచిత్రముల కాలమున లోకమును నవ్వించిన అమెరికా హాస్యనటుడు బస్టర్ కీటను చరిత్రమును పారమౌంటు సంస్థ 1957లో చిత్రముగా నిర్మించెను. అప్పటికి జీవించియున్న కీటనునకు ధనము ముట్టెను. ఆ సొమ్ముతో నాతడు గృహమును గొనెను. యథార్థమునకు మాత్రము న్యాయము జరుగలేదు.

కీటను 1895లో కాన్సస్ రాష్ట్రమున నటకుటుంబమున జనించెను. పసివానిని తండ్రి రంగస్థలముపై విసరివేయుచుండగా, తాను నవ్వకున్నచో ప్రేక్షకులు మఱింత నవ్వుదురని బాలుడు గ్రహించెను. 1920 మొదలు తన చిత్రశాలలో నిచ్చవచ్చినట్లు హాస్యచిత్రములు దీసెను. 1928లో వెలువడిన 'స్టీంబోట్ బిల్ జూనియర్' చిత్రమున, నిజమైన గోడ తనపై గూలుచుండ, కిటికీ ఖాళీ సరిగా తనపై బడునట్లు కదలక నిలిచెను. ఆ సంవత్సరముననే స్వంత చిత్రశాలను విడిచి మెట్రో-గోల్డ్విన్-మేయర్ కొలువున జేరెను. కథయు, కూర్పును పరుల వశమయ్యెను. కీటను మద్యమునకు లోనయ్యెను. 1933లో సంస్థ యాతనిని తొలగించెను.

1957 నాటి చిత్రమో, టాకీల రాకను, మద్యమును ముందుకు దెచ్చి, కల్పిత ప్రేమకథను జోడించెను. గోడ క్రింద నిలిచిన ధీరుని గూల్చినది పానపాత్ర యొక్కటియే కాదు, పరాధీనత యని మేము తలంచుచున్నాము. కీటను 1966లో మరణించెను. మహానటుల చరిత్రమును చిత్రింపబూనువారు వారి వ్యసనములకంటె ముందు వారి పనిని, ఆ పనిపై వారికి గల స్వాతంత్ర్యమును పరిశీలింపవలెను.