పశువుల డాక్టరు చుట్టిన గుడ్డ టైరు

టైరు అనగానే మనకి రబ్బరే గుర్తొస్తుంది. కానీ రోడ్ బైకు టైరు సైడ్‌వాల్‌ని వేళ్ల మధ్య పట్టుకుని చూడండి. ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అక్కడ బరువు మోసేది రబ్బరు కాదు, లోపలి దారాలు. రబ్బరు వాటికి పూత మాత్రమే. ఈ సంగతి మొదట్నుంచీ చేతులారా తెలిసిన మనిషి ఇంజనీరు కాదు, పశువుల డాక్టరు. పేరు జాన్ బాయిడ్ డన్‌లప్. మెకానికల్ బ్రాంచివాళ్లం కాస్త తల దించుకోవాల్సిందే.

డన్‌లప్ 1840లో స్కాట్లాండులోని డ్రెగ్‌హార్న్ అనే పల్లెలో పుట్టాడు. ఎడిన్‌బరోలో పశువైద్యం చదివి, 1867లో ఐర్లండు వెళ్లాడు. తర్వాత బెల్ఫాస్ట్‌లో పెద్ద ప్రాక్టీసు పెట్టాడు. గుర్రాల మీద నడిచే ఊరు, పనికి కొదవ లేదు. 1887 నాటికి ఆయనకి నలభై ఏడేళ్లు. గడ్డం, కుదురైన జీవితం, కొత్తగా పేరు తెచ్చుకోవాలన్న ఆరాటం పెద్దగా కనిపించదు.

కొడుకు జానీకి తొమ్మిది, పదేళ్లుంటాయి. వాడి ట్రైసైకిలుకి గట్టి రబ్బరు టైర్లు. రాళ్లు పరిచిన బెల్ఫాస్ట్ వీధుల్లో ఒళ్లు హూనమయ్యేది. డాక్టరుగారు ఒక చెక్క చక్రం తీసుకున్నాడు. పల్చటి రబ్బరు షీటుతో ట్యూబు చేసి చక్రం అంచుకి పెట్టి, ఫుట్‌బాల్ పంపుతో గాలి కొట్టాడు. పైన నార గుడ్డ చుట్టి మేకులతో బిగించాడు. తర్వాత పెరట్లో ఆ చక్రాన్నీ, ట్రైసైకిలు మామూలు చక్రాన్నీ పక్కపక్కన దొర్లించాడు. మామూలుది కొంత దూరం పోయి పడిపోయింది. గాలి చక్రం పెరడంతా దాటి గేటు స్తంభానికి కొట్టుకుని వెనక్కి ఎగిరింది. 1888 ఫిబ్రవరికల్లా జానీ బండికే గాలి టైర్లు ఎక్కాయి. అదే ఏడాది పేటెంటు వచ్చింది.

ఆ నార గుడ్డ దగ్గర నేను కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ కథలో అందరూ దాటేసేది అదే. బెల్ఫాస్ట్ నారబట్టకి పేరున్న ఊరు కాబట్టి గుడ్డ దొరకడం వింత కాదు. అసలు గుడ్డ ఎందుకు? ఉత్త రబ్బరు ట్యూబుకి గాలి కొడితే బెలూన్‌లా సాగిపోతుంది, ఎక్కడ పల్చగా ఉంటే అక్కడ పగులుతుంది. సాగనివ్వకుండా పట్టి ఉంచే చర్మం కావాలి. లెక్క చూద్దాం. 25 మిల్లీమీటర్ల టైరులో 100 పీఎస్ఐ గాలి ఉందనుకోండి. పీడనాన్ని వ్యాసార్ధంతో గుణిస్తే గుడ్డలో తన్యత వస్తుంది: ప్రతి సెంటీమీటరు పొడవుకీ దాదాపు 86 న్యూటన్లు. అంటే సైడ్‌వాల్‌లో వేలి గోరంత వెడల్పు ముక్కకి ఎనిమిది, తొమ్మిది కిలోల మూట వేలాడుతున్నట్టు, అదీ బండి ఆగి ఉన్నా సరే. అదే ప్రెషరు లావు టైరులో కొడితే లాగుడు ఇంకా పెరుగుతుంది. లావు టైర్లకి తక్కువ గాలి చెప్పేది ఇందుకు కూడా.

ఇప్పుడు ఆ దారాలు నాలుగు తెగాయనుకోండి. వాటి భారం పక్క దారాల మీద పడుతుంది, అవీ తెగుతాయి. పైకి ముందు ఒక బొబ్బ కనిపిస్తుంది. మా హాస్టల్ సైకిల్ షెడ్డులో ఒకడి ముందు టైరుకి ఉసిరికాయంత బొబ్బ ఉంటే, వాడు దాంతోనే ఘాట్ రోడ్డు దిగడానికి బయల్దేరాడు. మేం నలుగురం పట్టుకుని ఆపాం. ట్రెడ్‌లో మేకు దిగితే గాలి మెల్లగా పోతుంది, సొల్యూషన్ పూసి ప్యాచ్ వేస్తే అయిపోతుంది. సైడ్‌వాల్ తెగితే ట్యూబు ఆ చీలికలోంచి బయటికి తన్నుకొచ్చి ఒక్కసారి పేలుతుంది. ముందు చక్రం, దిగుడు రోడ్డు అయితే తర్వాత జరిగేది చెప్పక్కర్లేదు. చిన్న చీలిక లోపల పాత టైరు ముక్క అడ్డం పెట్టి ఇంటిదాకా రావచ్చు, అంతవరకే.

మళ్లీ డన్‌లప్ దగ్గరికి. 1889 మే 18న బెల్ఫాస్ట్ క్వీన్స్ కాలేజీ మైదానంలో విల్లీ హ్యూమ్ అనే కుర్రాడు ఈ టైర్లతో దిగాడు. లావు టైర్లు చూసి నవ్వినవాళ్లు నవ్వారు. వాడు నాలుగు రేసులూ గెలిచాడు. డబ్లిన్ వ్యాపారి హార్వే డు క్రో సైక్లింగులో ముదిరినవాడు, కొడుకులు కూడా రేసర్లే. ఆయన అక్కడే భవిష్యత్తు పసిగట్టి అదే ఏడాది కంపెనీ పెట్టించాడు. డన్‌లప్ పేటెంటు అందులో కలిసింది.

రెండేళ్లు తిరక్కుండానే పిడుగు పడింది. ఆ పేటెంటు చెల్లదన్నారు. రాబర్ట్ విలియం థామ్సన్ అనే మరో స్కాట్లాండువాడు 1845లోనే గాలి టైరుకి పేటెంటు తీసుకున్నాడు, 1847లో లండన్‌లో గుర్రబ్బండ్లకి కట్టి చూపించాడు కూడా. అప్పటికి సైకిళ్లే లేవు, కాబట్టి లోకం మర్చిపోయింది. డన్‌లప్ కాపీ కొట్టాడని నేననుకోను. అయినా నా మార్కు థామ్సన్‌కి ఒకటి ఎక్కువే పడుతుంది. కాకపోతే పని జరిగే సమయానికి ముందే పుట్టిన ఐడియాని పట్టించుకునేవాడెవడు?

కంపెనీ నిలబడింది వేరేవాళ్ల పేటెంట్లు కొనడం వల్ల. డన్‌లప్ టైరుని రిమ్ముకి గుడ్డతో చుట్టి అతికించేవారు. పంక్చరైతే అదంతా ఊడదీయాలి. 1890లో చార్లెస్ వెల్చ్ టైరు అంచుల్లో సాగని తీగ పెట్టాడు, బార్ట్‌లెట్ అంచుని రిమ్ములో కొక్కెంలా బిగించాడు. ఇవాళ మనం చేత్తో టైరు ఊడదీస్తున్నామంటే వాళ్ల పుణ్యమే. దాంతోపాటు కొత్త తంటా కూడా వచ్చింది. గాలి తక్కువున్న టైరు గుంతలో పడితే రిమ్ము అంచుకీ రాయికీ మధ్య సైడ్‌వాల్ నలిగి దారాలు తెగుతాయి. అల్లిన గుడ్డకి ఇంకో జబ్బు ఉంది. నిలువు దారం, అడ్డ దారం ఒకదాన్నొకటి తొక్కుకుంటూ ఉంటాయి, చక్రం తిరిగిన ప్రతిసారీ రంపంలా రాసుకుంటాయి. అందుకే తర్వాత నేత మానేసి, దారాలని ఒకే వరసలో పేర్చి పొరలు పొరలుగా ఏటవాలుగా వేయడం మొదలుపెట్టారు. నేటి రేసింగ్ టైరు అలాంటిదే. దారం సన్నమయ్యే కొద్దీ టైరు మెత్తగా పరుగెడుతుంది, గులకరాయికి అంత తేలిగ్గా తెగుతుంది.

 ఎండ, ఓజోన్ పైనున్న రబ్బరుకి శత్రువులు. రబ్బరు పగుళ్లిస్తే తడి లోపలికి పోతుంది, నూలు దారాల కాలంలో అవి కుళ్లిపోయేవి. షెడ్డులో నేను చూసిన పాడైన సైడ్‌వాల్స్‌లో మాత్రం ఎక్కువ వాటికి కారణం బ్రేకు షూ. రిమ్ముకి తగలాల్సింది అరంగుళం పైకి జరిగి టైరుని గీరుతూ ఉంటుంది. వృత్తాకారంగా ఒకే గీత కనబడితే అదే అనుకోండి. ఒక్కచోటే తెగితే రాయో గాజుపెంకో. రిమ్ము పక్కనే జంటగా రెండు చీలికలుంటే గాలి తక్కువతో గుంత. దర్యాప్తు ఇంతే, డిటెక్టివ్ నవల అక్కర్లేదు.

డన్‌లప్ 1895లో డైరెక్టరు పదవి వదిలేశాడు, వాటాలూ అమ్ముకున్నాడు. మరుసటి ఏడాదే హూలీ అనే ఫైనాన్షియరు కంపెనీని 30 లక్షల పౌండ్లకి కొని, 50 లక్షలకి మార్కెట్లో వదిలాడు. ఆ పండగలో డాక్టరుగారికి వాటా లేదు. డబ్లిన్‌లో స్థిరపడి బట్టల వ్యాపారంలో కాలక్షేపం చేశాడు. మళ్లీ గుడ్డే!

డబ్బు విషయంలో ఊరుకున్న మనిషి మొహం విషయంలో ఊరుకోలేదు. ఆయన తల, గడ్డం ఉన్న బొమ్మని ట్రేడ్‌మార్కుగా వాడుకోనిచ్చాడు. ప్రకటనల్లో దాన్ని ఎవరో షోకిలా రాయుడి ఒంటి మీద అతికించారు, పొడుగు టోపీతో, చేతికర్రతో. పరువు పోయిందని కంపెనీ మీద కేసు వేశాడు. అది హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది, అప్పటికి ఆయనకి ఎనభై. 1921 అక్టోబరు 23న చనిపోయాడు. గాలి టైరు చరిత్ర మీద ఆయన రాసుకున్న పుస్తకం ఆ తర్వాత అచ్చయింది.