చెవికి దూరమైన వెంగమాంబ

తిరుమల కొండపై ఏకాంతసేవ వేళ తాళ్లపాకవారి లాలిపాట, తరిగొండవారి ముత్యాల హారతి నేటికిని నడచుచున్నవి. 2011లో అచట ప్రారంభమైన అన్నప్రసాద భవనమునకును తరిగొండ వెంగమాంబ పేరే పెట్టినారు. హారతి అనగానే ఆమె పేరు తలచెడివారు కోకొల్లలు. కాని ఆమె రచించిన యక్షగానములలో ఒక్క దరువునైనను చెవులార విన్నవారెందరు? మీ పాఠశాలలోని తెలుగు పండితులనే అడిగి చూడుడు. శతకము పేరు చెప్పగలవారు ఉందురు. నాటకముల పేర్లు అడిగినచో తడుముకొందురు.

మదనపల్లె నుండి కదిరి పోవు త్రోవలోని అంగళ్లు వాసులకు తరిగొండ పరాయి ఊరు కాదు. గుర్రంకొండ దుర్గమునకు చేరువలో, లక్ష్మీనృసింహస్వామి ఆలయముతో వాసికెక్కిన గ్రామమది. 1730 ప్రాంతమున అచట కానాల కృష్ణయ్య, మంగమాంబ దంపతులకు వెంగమాంబ జన్మించినది. పసితనముననే ఇంజేటి వేంకటాచలపతి అను వరునకిచ్చి వివాహము చేసిరి. అతడు కొలది కాలమునకే మరణించెను. శిరోముండనము చేయించుకొని, బొట్టు చెరిపివేసి, ఇంటిలో ఒక మూల కూర్చుండవలసినదని ఆనాటి ఆచారము. బాలిక అందుకు ఒప్పుకొనలేదు. పోయిన భర్త పేరు, ఏడుకొండలవాని పేరు ఒక్కటియే కదా! తనకు పతి ఆ వేంకటాచలపతియే అని నిశ్చయించుకొని పసుపు కుంకుమలను విడువలేదు.

పుష్పగిరి పీఠాధిపతి ఆ ప్రాంతమునకు విచ్చేసినపుడు ఆమెపై ఫిర్యాదు వెళ్లినదనియు, ఆమె నమస్కరింపగానే పీఠము దగ్ధమైనదనియు ఒక కథ కలదు. మంటల సంగతి అటుంచుదము. ఊరంతయు ఒకవైపు నిలిచిన నాడు ఒక బాలవితంతువు తన తలవెండ్రుకలను తాను కాపాడుకొనుటయే నాకు పెద్ద మహిమగా తోచును.

మదనపల్లెలోని రూపావతారము సుబ్రహ్మణ్యశాస్త్రి ఆమెకు గురువు. యోగము, వేదాంతము ఆయన వలననే అలవడినవి. అయినను, తాను చిన్ననాడు ఆచార్యుల చెంత ఓనమాలైన దిద్దలేదనియు, ఛందస్సు నేర్వలేదనియు, శిల్పి కొయ్యతో చేసిన యంత్రమునకు స్వరములొసగి పాడించినట్లు నృసింహుడే తనచేత పలికించెననియు ఆమె చెప్పుకొన్నది. అందు వినయము పాలు ఎంతయున్నను, ఈమె అక్షరము కంటె ముందు చెవి నేర్చిన కవయిత్రి అని నా అభిప్రాయము. ఆమె కృతులలో అధిక భాగము పాడుటకు, ఆడుటకు, గొంతెత్తి చదువుటకు పుట్టినవే.

తరిగొండలో ఉండగానే నృసింహ శతకము, నృసింహ విలాసము, శివ నాటకము, బాలకృష్ణ నాటకము, రాజయోగామృతసారము వెలువడినవి. ఊరివారి సూటిపోటి మాటలు మాత్రము తగ్గలేదు. తుదకు ఇల్లు విడిచి తిరుమల చేరినది. అచటను కొందరు ఆమెను నెమ్మదిగా ఉండనీయలేదనియు, అందుచే తుంబురుకోన గుహలో కొన్నేండ్లు తపస్సు చేసినదనియు చెప్పుదురు. చెంచు నాటకము, రుక్మిణీ నాటకము, గోపీ నాటకము, జలక్రీడా విలాసము, విష్ణుపారిజాతము, ముక్తికాంతా విలాసము అను యక్షగానములు, భాగవత వాసిష్ఠ రామాయణ ద్విపదలు తిరుమలలో పుట్టినవి. వేంకటాచల మాహాత్మ్యమను పద్యకావ్యమును అచటిదే.

వీనిలో ఈ చివరిదానికే ఎక్కువ ప్రచారము లభించినది. కారణము స్పష్టమే. మన పండితులు చంపూ ప్రబంధమునకు పీట వేసినట్లు ద్విపదకు వేయలేదు. యక్షగానమునైతే వాకిటనే నిలిపినారు. పాల్కురికి సోమనాథుడు ఎంత గట్టిగా వాదించినను ద్విపదకు ఆ చిన్నచూపు పూర్తిగా తొలగలేదు. పైగా స్త్రీ, అందును ఆచారమును ధిక్కరించిన స్త్రీ! ఆమె భక్తిని మెచ్చుకొని చేతులు జోడించుట సులభము. ఆమె కవిత్వమును కూర్చుండి వినుట శ్రమ.

ఆ శ్రమకు పూనుకొనువారికి మొదట చెంచు నాటకమును సూచింతును. హిరణ్యకశిపుని చీల్చిన ఉగ్రమూర్తి అడవిలో చెంచు పడుచును వలచిన కథ అది. తరిగొండ నృసింహుని నీడలో పెరిగిన ఆమెకు ఆ దేవుడు ఎంత చనువైనవాడో అందు తెలియును. తరువాత వాసిష్ఠ రామాయణము. రామునకు వసిష్ఠుడు చేసిన తత్త్వోపదేశము సామాన్యులకు కొరుకుడుపడని విషయము. దానిని పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము గల ద్విపదలో ఒదిగించినది. రెండు పాదములకొక విరామముతో, ప్రాస పట్టుకొని బిగ్గరగా చదివినచో నడక చెవికి పట్టుబడును; అర్థము దాని వెంబడి వచ్చును. తరగతిలో గణవిభజన చేయించి విడిచిపెట్టక ఒక పుట అట్లు చదివించి చూడుడు. ముక్తికాంతా విలాసము జోలికి మాత్రము మొదటనే పోవలదు. వేదాంత పరిభాష కొంత అలవడినగాని అది రుచింపదు.

దరువు వినుటకు మన సీమలో చెవులు లేకపోలేదు. పుంగనూరు, కుప్పము ప్రాంతముల పల్లెలలో భారత ఉత్సవములు జరుగునపుడు పగలు హరికథ, రాత్రి వీథినాటకము నడుచును. మద్దెల మ్రోత వినగానే ముసలివారును చాప చంకనబెట్టుకొని వత్తురు. ఆ మేళములవారికి వెంగమాంబ నాటకములు అందించువారే కరవు. తిరుమల తిరుపతి దేవస్థానమువారు ఆమె గ్రంథములను ముద్రించినారు. అచ్చులో ఉన్నది గొంతులోనికి రావలసియున్నది.

వెంగమాంబ నృసింహజయంతికి అన్నదానము జరిపించుచు, రచన సాగించుచు తిరుమలలోనే వృద్ధురాలైనది. 1817లో, ఈశ్వర నామ సంవత్సర శ్రావణ శుద్ధ నవమినాడు సమాధి చెందినది. ఆమె బృందావనము తిరుమలలోని శ్రీ వేంకటేశ్వర ఉన్నత పాఠశాల ఆవరణముననే కలదు.