జాన్ వూల్మను చరిత్రము
సువార్తను దినచర్యగా జేసికొన్న యొక దర్జీవాని జీవితము

క్రీస్తు కొండమీద చేసిన యుపదేశమును క్రైస్తవ దేశములయందు విననివా రుండరు. కాని ఆదివారమున దేవాలయమునందు దానిని భక్తితో వినువారు సోమవారమున దుకాణము తెఱచునప్పుడును, పత్రము వ్రాయునప్పుడును, భోజనమునకు గూర్చుండునప్పుడును దానిని జ్ఞప్తియందుంచుకొనుట యరుదు. ఆ యుపదేశము మిక్కిలి యున్నతమైనదని కొనియాడి, లోకవ్యవహారమునకు సరిపడదని గౌరవపూర్వకముగా ప్రక్కకు బెట్టుట పెద్దమనుష్యులలో నొక మర్యాదయై పోయినది. అట్లు ప్రక్కకు బెట్టుటకు మన సొప్పని యొకానొకని చరిత్రమును మే మిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము. అతడు రాజ్యాధికారి కాడు, మహాపండితుడును కాడు. అమెరికాఖండమున నొక చిన్న యూరియందు బట్టలు కుట్టి జీవించిన సామాన్యుడు.

జాన్ వూల్మను 1720వ సంవత్సరము అక్టోబరు నెలలో, అప్పటి కింగ్లీషువారి వలసరాజ్యమైన న్యూజెర్సీలో, రాంకోకస్ అను నేటి చెంత నొక కృషీవలుని యింట జన్మించెను. తలిదండ్రులకు బదుమువ్వురు సంతానము. ఆ కుటుంబము మిత్రసమాజమునకు, అనగా క్వేకరులని లోకము పిలుచు సంఘమునకు జెందినది. ఆ కాలమున ఆ సంఘమువారికి జీతము గొను పురోహితులు లేకుండిరి. వారు మౌనముగా సభయందు గూర్చుండి, ప్రతిమనుష్యుని హృదయమునందును దైవజ్యోతి ప్రకాశించునని నమ్మి, అంతరంగమున ప్రేరణ కలిగినవారే లేచి మాటలాడుచుండిరి.

బాల్యమున జరిగిన యొక సంగతిని వూల్మను వృద్ధిపొందిన పిమ్మటను మఱవలేదు. పొరుగింటికి బోవుచు దారిలో గూటియందు గూర్చున్న యొక చిన్నపక్షిని చూచెను. అది పిల్లలను విడువలేక చుట్టును తిరుగుచు అఱచుచుండగా ఈ బాలుడు రాళ్లు రువ్వెను. ఒక రాయి తగిలి పక్షి చచ్చిపడెను. మొదట సంతోషించినవాడు కొన్ని నిమిషములలో భయముచే వణకసాగెను. తల్లిలేని పిల్లలు ఆకలితో మాడి చచ్చుటకంటె ఒక్కమాఱు చచ్చుటే మేలని తలచి చెట్టెక్కి వానినిగూడ చంపెను. తెలియక చేసిన యొక క్రూరకార్యము తెలిసి తెలిసి మఱియొక క్రూరకార్యమును చేయించుననియు, ప్రాణులయెడ దయ చూపుమని మనస్సులో బలుకు స్వరమొకటి యున్నదనియు ఆ బాలునకు నాడు తెలిసెను. తరువాత నతడు చేసినదంతయు ఆ స్వరమునకు జెవి యొగ్గుటయే.

ఇరువది యొకటవ యేట నతడు ఇల్లు విడిచి మౌంట్‌హాలీ యను గ్రామమున నొక వర్తకుని దుకాణమునందు లెక్కలు వ్రాయుటకు గుదిరెను. సుమారు 1742వ సంవత్సరమున నొకనాడు ఆ యజమానుడు తన యింటనున్న యొక నీగ్రోస్త్రీని విక్రయించి, క్రయపత్రము వ్రాయుమని యాకస్మికముగా నాజ్ఞాపించెను. కొన్నవాడు ప్రక్కనే వేచియుండెను. అతడు మిత్రసమాజమునకే చెందిన వృద్ధుడు. వూల్మను ఏడాది జీతమునకు గుదిరిన సేవకుడు. మనస్సు వలదనుచుండగా కలము పత్రమును వ్రాసెను. వ్రాసిన పిదప నుండలేక, బానిసలను గలిగియుండుట క్రైస్తవమతమునకు విరుద్ధమని తాను నమ్ముచున్నట్లు వారిరువురి యెదుటను చెప్పెను. కాని యా మాట అతని బాధను తీర్పలేదు. ఆ పని నుండి తన్ను మన్నింపుమని ముందుగనే వేడుకొనవలసినదని అతడు పిమ్మట నెంతయు చింతించెను. కొంతకాలమునకు వేఱొక యువకుడు అట్టి పత్రమునే వ్రాయుమన్నపుడు అతడు సౌమ్యముగా నిరాకరించెను.

ఈ చరిత్రమునం దిదియే ముఖ్యస్థలమని మే మెంచుచున్నాము. వూల్మను దోషరహితుడుగా బయలుదేఱలేదు. లోకము తన చేతికిచ్చిన కలముతో లోకము చెప్పినట్లు వ్రాసి, ఆ సిరా తన చేతికే యంటినదని తెలిసికొని బయలుదేఱినవాడు. కావుననే యతడు తరువాత బానిసల నుంచుకొన్నవారితో మాటలాడునప్పుడు న్యాయాధిపతివలె గాక తోడి యపరాధివలె మాటలాడగలిగెను.

1746వ సంవత్సరమున నతడు ఒక స్నేహితునితో దక్షిణదిక్కున వర్జీనియా, కరొలైనా సీమలకు బోయి, మూడు నెలలలో సుమారు 1500 మైళ్లు సంచరించెను. అచ్చటి సంపన్నుల యిండ్లలో నాతిథ్యము గొనుచుండగా, తన పళ్లెములోని యన్నము జీతమెఱుగని నీగ్రోల కష్టమువలన వచ్చినదను తలంపు అతనిని వేధించెను. యజమానులు తామును పాటుపడి బానిసలను దయతో జూచుకొను నిండ్లలో నా బాధ కొంత తక్కువగను, సోమరితనముతో భోగములనుభవించు నిండ్లలో నెక్కువగను నుండెను. తిరిగివచ్చి నీగ్రోలను బానిసలుగా నుంచుకొనుటనుగూర్చి యొక చిన్నగ్రంథము వ్రాసి దాచియుంచెను. 1750వ సంవత్సరమున మరణశయ్యయందున్న తండ్రి దానిని ప్రకటింపుమని ప్రోత్సహించెను. అది 1754లో అచ్చుపడెను. రెండవభాగము 1762లో వెలువడెను. మనమే బానిసలమై మన పిల్లలు విక్రయింపబడినచో నెట్లుండునో, మన కితరులేమి చేయవలెనని కోరుదుమో యాలోచింపుమని యా గ్రంథము చదువరి నడుగును.

1749వ సంవత్సరమున నతడు సేరా ఎల్లిసును వివాహమాడెను. వారి కొక కుమార్తె మిగిలెను. కుమారుడు శైశవముననే గతించెను. వూల్మను దర్జీపని నేర్చుకొని, దానితోపాటు బట్టలు మొదలగు సరకులమ్ము దుకాణము పెట్టుకొనెను. బేరము ఏటేట పెరిగెను. మఱియొకడైనచో దీనిని దేవుని యనుగ్రహమని సంతసించి యుండును. వూల్మను మాత్రము భయపడెను. అక్కఱలేని వస్తువులను కొని అప్పులపాలై న్యాయసభల కీడ్వబడు బీదవారిని జూచి, వారి యప్పులో తన లాభమున్నదని గ్రహించెను. మొదట వారిని చౌకయైనవియు నుపయోగకరమైనవియు నగు వస్తువులనే కొనుమని బోధించెను. పిదప 1756వ సంవత్సర ప్రాంతమున వేఱొక దుకాణము చూచుకొనుడని వాడుకదారులకు ముందుగా దెలిపి, క్రమముగా వర్తకమును మానివేసెను. కుట్టుపనియు, కొన్ని ఆపిలుచెట్లును అతని కుటుంబమునకు జాలెను. దానమునకై ధనము సంపాదించుటకంటె, ఇతరుల కష్టముతో ముడిపడిన ధనమును వలదనుట సువార్తకు దగ్గఱ త్రోవయని యతని నిశ్చయము.

చక్కగా వ్రాయగలవాడగుటచే పొరుగువారు తమ మరణశాసనములను అతనిచే వ్రాయించుకొనుచుండిరి. ఒకమాఱు దెబ్బతగిలి మంచముపట్టిన యొకడు తన ఆస్తి వివరములు చెప్పుచు, నీగ్రో బానిసపిల్లను ఫలాని బిడ్డకు నిచ్చితినని వ్రాయుమనెను. వూల్మను రోగి బాధను జూచి వాదింపలేదు. ఆ యొక్క సంగతిని విడిచి మిగిలినదంతయు వ్రాసికొనివచ్చి చదివి వినిపించి, తన మనస్సునకు బాధ కలుగకుండ నా భాగము వ్రాయలేననియు, కూలి యేమియు నక్కఱలేదనియు చెప్పెను. తరువాత నిరువురును ఆ విషయమై నిదానముగా మాటలాడుకొనిరి. తుద కా రోగి పిల్లను విడుదల చేయుట కొప్పుకొనగా వూల్మను శాసనమును పూర్తిచేసెను. ఒక్కవాక్యము వ్రాయక మానుటచే నొక ప్రాణి స్వతంత్రురాలయ్యెను.

అంతకుముందు 1738వ సంవత్సరమున బెంజమిను లే అను మఱియొక క్వేకరు, బర్లింగ్టనులో జరిగిన వార్షికసభయందు, గ్రంథమువలె గనబడు పెట్టెలో ఎఱ్ఱనిరసముగల తిత్తిని దాచి తెచ్చి, కత్తితో పొడిచి, బానిసయజమానుల దోషము రక్తదోషమని చూపించెను. అతని యుద్దేశము సత్యమే. సంఘము మాత్రమతనిని వెలివేసెను. వూల్మను మార్గము వేఱు. అతడు యజమానుల యిండ్లకు బోయి, ఒంటరిగా గూర్చుండి, కన్నీటితో మాటలాడువాడు. 1757వ సంవత్సరమున రెండవమాఱు దక్షిణదేశమునకు బోవునప్పుడు చిన్న వెండి నాణెములను వెంట దీసికొనిపోయి, ఆతిథ్యము పొందిన యిండ్లలో సేవచేసిన బానిసలకు గూలిగా, తానే గాని గృహస్థుని చేతిమీదుగా గాని, ఇచ్చుచు వచ్చెను. కొందఱు గృహస్థులకు ఇది చిన్నతనముగా దోచెను. ఇచ్చుటకు తనకును సిగ్గుగనే యుండెడిది, అయినను మానలేదు.

1758వ సంవత్సరమున ఫిలడెల్ఫియాలో మిత్రసమాజపు వార్షికసభ కూడినప్పుడు బానిసల ప్రశ్న మఱల వచ్చెను. తొందరపడక దేవుడు త్రోవచూపువఱకు నాగుదమని పలువురు చెప్పిరి. వూల్మను చాలసేపు మౌనముగా నుండి లేచి, పీడితుల మొఱ దేవుని సన్నిధిని జేరినదనియు, కొందఱి స్వలాభమును చూచియో స్నేహమును దలచియో కర్తవ్యమును వాయిదా వేయదగదనియు విన్నవించెను. సభ మాఱెను. బానిసలను గొనుచు నమ్ముచుండువారిని సంఘకార్యసభలనుండి తొలగింపవలెననియు, యజమానుల నందఱిని దర్శించి హితము చెప్పవలెననియు తీర్మానమయ్యెను. ఆ దర్శనకార్యమునకు నియమింపబడినవారిలో వూల్మను ఒకడు.

ఫ్రెంచివారితోడి యుద్ధమునకై విధించిన పన్ను చెల్లించుట శత్రువులను ప్రేమింపుమన్న క్రీస్తుమార్గమునకు దగదని 1755లో నతడును కొందఱు మిత్రులును ప్రకటించిరి. తన యింట సిపాయిలకు బస ఈయవలసివచ్చినపుడు, వచ్చిన యొక్కనిని రెండు వారములు మర్యాదతో నుంచుకొని, దానికై ప్రభుత్వమిచ్చు సొమ్మును మాత్రము పుచ్చుకొనలేదు. రంగులు మురికిని కప్పిపుచ్చుటకే గాని శుభ్రతకు గావనియు, హానికరములనియు నెంచి రంగువేయని బట్టలనే ధరించెను. 1762వ సంవత్సరమున స్వాభావికవర్ణముగల టోపీని బెట్టుకొనగా, అప్పుడు తెల్లటోపీలు విలాసపురుషుల వేడుకగా నుండుటచే, కొందఱు మిత్రులు ఇతడును ఆ వేడుకలోబడెనని సందేహించి దూరముగా దొలగిరి. ఆ దూరత్వము అతనిని మిగుల బాధించినను, టోపీని మార్చుకొనలేదు. బానిసల శ్రమచే బుట్టిన చక్కెరనుగూడ విడిచిపెట్టెను.

1763వ సంవత్సరమున ఎఱ్ఱయిండియనులకును తెల్లవారికిని యుద్ధము జరుగుచుండగా, అపాయమును లెక్కింపక సస్క్విహన్నా నదీతీరమున వ్యాలూసింగు అను ఇండియనుల గ్రామమునకు బోయెను. వారికి బోధించుటకు మాత్రమే కాక వారి జీవితమును గ్రహించి వారివలన నేర్చుకొనుటకును బోయితినని యతడు వ్రాసికొనెను.

అతని జీవితమున మఱియొక సంగతి మాకు విశేషముగా దోచుచున్నది. పూర్వము ఒక మరణశాసనమును అమలుపఱచువారిలో నొకడై, ఒక నీగ్రో బాలుని 30 ఏండ్లు నిండువఱకు సేవచేయునట్లు అతడు విక్రయించి యుండెను. తెల్లపిల్లలు 21వ యేట విడుదల పొందుచుండగా ఈ బాలునిపై నదనముగా పడిన తొమ్మిదేండ్లు తన దోషమని యతనికి పిమ్మట దోచెను. దానిలో తన వంతుకు దగిన సొమ్మును ఆ యజమానునకు జెల్లించుటకు ఋణపత్రము వ్రాసియిచ్చెను. పశ్చాత్తాపము కన్నీటితో ముగియక ధనపుసంచివఱకు వచ్చినపుడే అది సువార్తలోని జక్కయ్య పశ్చాత్తాపమువంటి దగును.

1772వ సంవత్సరము మే నెలలో ఇంగ్లాండునకు నోడ యెక్కెను. పైగదియొక్క చెక్కడపు సొగసులు అనావశ్యకమని నావికులుండు క్రిందితావుననే ప్రయాణించి, వారి కష్టములను కన్నులార జూచెను. జూను 8వ తేదీని లండను జేరెను. అచ్చట అంచెబండ్ల వేగమునకై గుఱ్ఱములు చచ్చుచున్నవనియు, బండితోలు బాలురు చలిచే మరణించుచున్నారనియు విని, బండి యెక్కక, అంచెబండ్లలో నుత్తరములు పంపక, కాలినడకను ఉత్తరదిక్కునకు బోయెను. దారిలో కూలిధరలను, ధాన్యపుధరలను వ్రాసికొనెను. కూలివానికి దినమునకు 10 పెన్నీలు. గోధుమలు బుషెలు సుమారు 8 షిల్లింగులు. అనగా పదిదినముల కూలియైనగాని బుషెలు గోధుమలు రావు. భక్తుని దినచర్యలో నిట్టి లెక్కలేలయని కొందఱాశ్చర్యపడవచ్చును. పొరుగువానిని ప్రేమింపవలెనన్న వానికి అతడేమి తినునో తెలియవద్దా?

యార్కునగరము జేరినపిమ్మట మశూచికము సోకి, 1772వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీని అతడు ప్రాణము విడిచెను. అలంకారములేని పెట్టెలో తన్ను బూడ్చవలెననియు, ఆ వ్యయమునకును గోయి త్రవ్వినవాని కూలికిని తన బట్టలు ఇయ్యవలెననియు ముందే చెప్పియుండెను.

అతని దినచర్యాగ్రంథము 1774లో అచ్చుపడెను. 1776లో ఫిలడెల్ఫియా వార్షికసభ, బానిసలను విడిచిపెట్టనివారిని సంఘమునుండి తొలగింప నిశ్చయించెను. 1787లో లండనులో బానిసవ్యాపార నిర్మూలనమునకై ఏర్పడిన పండ్రెండుగురిలో తొమ్మండ్రు ఆ సంఘమువారే. బ్రిటిషు పార్లమెంటు 1807లో నా వ్యాపారమును నిషేధించి, 1833లో తన వలసరాజ్యములయందు బానిసత్వమును రద్దుపఱచుటకు శాసనము చేసెను. అమెరికాలో నది 1865వ సంవత్సరమున తొలగెను. ఇదంతయు వూల్మను ఒక్కనివలన జరిగినదని చెప్పుట సత్యము కాదు. ఆంటొనీ బెనెజెటు వంటి తోడివారును, పాఱిపోయియు తిరుగబడియు పోరాడిన బానిసలును అనేకులు గలరు. కాని తన సంఘమును మార్చుటకు ముందు తన కలమును, తన దుకాణమును, తన పళ్లెమును మార్చుకొన్నవారిలో నతడు ముఖ్యుడు.

సంస్కారప్రియులగు చదువరులారా! సభలలో తీర్మానములు చేయుట మనకు సులభము. మన మెవరి కష్టముమీద నిలిచి యా తీర్మానములు చేయుచున్నామో విచారించుట కష్టము. వూల్మను వలె రంగులేని బట్టలు కట్టుమని మేము చెప్పము. అవి యతని కాలమునకు, అతని మనస్సాక్షికి జెందినవి. మన యింటిపనివారి జీతము, మనము వ్రాయించుకొను పత్రము, మన బేరములోని లాభము, మన పూర్వపు తప్పునకు మన మియ్యవలసిన బాకీ, ఇవి మనవి. నేటి రాత్రి లెక్కలపుస్తకము మూయుటకు ముందు వానిలో నొక్కదానినైన సువార్త వెలుగున జూచుకొన్నచో, ఈ దర్జీవాని చరిత్రమును చదివిన ఫలము మనకు గలిగినట్లే మేము తలంతుము.