సరిహద్దు దాటి వచ్చి హైదరాబాద్ మట్టిలో కలిసిన ఉస్తాద్

ఆలంపూర్ చౌరస్తాలో బస్సెక్కి హైదరాబాద్ వెళ్లే మనవాళ్లు బషీర్‌బాగ్ రోడ్డు మీద ఎన్నోసార్లు తిరిగే ఉంటారు. హిందుస్తానీ సంగీతంలో మహా గాయకుడు ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ కన్నుమూసింది అక్కడే, అప్పటి బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో. అది 1968 ఏప్రిల్. ఆయన మాత్రం ఈ ఊరివారు కాదు.

ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న కసూర్‌లో 1902లో పుట్టారు. తండ్రి అలీ బఖ్ష్ ఖాన్, తండ్రి సోదరుడు కాలే ఖాన్ ఇద్దరూ గాయకులే. చిన్నప్పుడే కాలే ఖాన్ దగ్గర రియాజ్ మొదలైంది. సారంగీ కూడా నేర్చారు. పటియాలా ఘరానా గానంతో లాహోర్ నుంచి కలకత్తా, బొంబాయి దాకా పేరు తెచ్చుకున్నారు.

1947లో దేశం రెండు ముక్కలైంది. సొంత ఊరు సరిహద్దుకు అవతల పడింది. ఉస్తాద్ మొదట కసూర్‌కే వెళ్లారు. కానీ అక్కడ మనసు నిలవలేదు. మళ్లీ ఇటు వచ్చేశారు. 1957లో మొరార్జీ దేశాయ్ సాయంతో భారత పౌరసత్వం దొరికింది. అప్పటికే యాభై దాటిన మనిషి, పుట్టిన ఊరు వదులుకుని, కొత్తగా కాగితాలు తెచ్చుకుని బతుకు మొదలుపెట్టడం చిన్న విషయం కాదు.

సినిమాలకు పాడటం ఆయనకు ఇష్టం లేదు. 1960లో వచ్చిన మొఘల్-ఎ-ఆజమ్ కోసం దర్శకుడు కె. ఆసిఫ్ పట్టుబడితే, పాటకు 25 వేల రూపాయలు అడిగారట. ఆసిఫ్ ఒప్పేసుకున్నారు! నౌషాద్ సంగీతంలో తెర మీది తాన్‌సేన్‌కు ఉస్తాద్ గొంతు దొరికింది. 1962లో పద్మభూషణ్ వచ్చింది.

పాడటమే కాదు, 'సబ్‌రంగ్' అనే కలం పేరుతో ఎన్నో ఖయాల్, ఠుమ్రీ బందిష్‌లు కట్టారు. సబ్‌రంగ్ అంటే అన్ని రంగులు. ఆ బందిష్‌లను గాయకులు ఇప్పటికీ పాడుతున్నారు.

చివరి ఏళ్లలో పక్షవాతం వచ్చింది. అయినా పాట ఆపలేదు. కొడుకు మునవ్వర్ అలీ ఖాన్ పక్కన కూర్చుని గొంతు కలిపేవారు. తండ్రి పోయాక ఘరానా భారం మునవ్వర్ సాహెబ్ మోశారు. ఆ తర్వాత మనవడు రజా అలీ ఖాన్ అందుకున్నారు.

ఉస్తాద్ సమాధి పాతబస్తీలోని దాయరా మీర్ మోమిన్‌లో ఉంది. పుట్టిన గడ్డ దూరమైనా ఆయన కోరుకున్న దేశం మట్టి ఆయనకు దక్కింది. వారసులకు మిగిలిన ఆస్తి మాత్రం పాటే. ఈసారి పట్నం వెళ్లినప్పుడు, వీలు చూసుకుని పిల్లలను ఒకసారి అక్కడికి తీసుకెళ్లండి.